ధన్యురాలిని, మా ఆయన సాల్సా చేస్తారు!

పెళ్లి కావలసిన అమ్మాయిలారా! పెళ్లయిపోయి ఇక చేసేదేమీ లేని అక్కచెల్లెళ్లారా! మగవాడిలో చూడాల్సింది చదువు కాదు, ఉద్యోగం కాదు, జుట్టు అసలే కాదు. "బాబూ, నువ్వు ఇంట్లో తాజాగా సాల్సా చేస్తావా?" అని ఒక్క ముక్క అడగండి. చేస్తానన్నాడా, ఇంకేం ఆలోచించకండి. మీ జన్మ ధన్యమైపోయినట్టే!

నా జన్మ అలాగే ధన్యమైంది. అందుకే ఇంత ధైర్యంగా చెప్తున్నాను.

సాల్సా అంటే ఏమిటో తెలియనివాళ్లు ఇంకా ఎవరైనా మిగిలి ఉంటే వాళ్ల కోసం చెప్తాను. పండిన టమాటా, ఉల్లిపాయ, పచ్చిమిర్చి, కొత్తిమీర సన్నగా తరిగి, నిమ్మకాయ పిండి, ఉప్పేసి కలపాలి. చిప్స్ ముంచుకుని తినాలి. అంతే! చెప్పడానికి ఎంతసేపు పట్టింది? చేయడానికి మా ఆయనకి ఆదివారం మొత్తం పడుతుంది. కళ అంటే మరి ఊరికే వస్తుందా?

అసలీ అదృష్టం మా ఇంట్లోకి ఒక సీసా వల్ల వచ్చింది.

మా ఆయన ఇన్సూరెన్స్ ఆఫీసులో క్లెయిముల సెక్షన్ చూస్తారు. సన్నక్షరాలు చదివి జనం ఆశల మీద నీళ్లు చల్లడం ఆయన వృత్తి. ఆ అలవాటు కొద్దీ ఓ సాయంత్రం షాపులో కొన్న సాల్సా సీసాని తిప్పి, వెనకాల ఉన్న సన్నక్షరాలు చదివారు. మొహం మాడిపోయింది.

"ఇన్నాళ్లూ మనం తింటున్నది దీన్నా? ఇది టమాటా కాదు, టమాటా శవం!" అన్నారు.

కాలేజీలో చదువుతున్న మా అమ్మాయి చిప్‌ని నోటిదాకా తీసుకెళ్లి ఆగిపోయింది. "అంటే నేనిప్పుడు చేస్తున్నది అంత్యక్రియలా నాన్నా?" అంది.

"నవ్వకు. ఇవాళ్టి నుంచి ఈ ఇంట్లో సాల్సా నేను చేస్తాను. ఫ్రెష్‌గా! నా చేతుల్తో!"

మా అత్తయ్య, అంటే ఆయన్ని కన్నతల్లి, కాబట్టి ఆయన మీద ఏ భ్రమలూ లేని మనిషి, టీవీ మీంచి కళ్లు తిప్పకుండానే అన్నారు: "ముందు వంటిల్లు ఎటుందో చూపించమ్మా వాడికి."

ఆ తర్వాత సరంజామా రావడం మొదలైంది. ఒక కత్తి వచ్చింది. కత్తి పడుకోవడానికి ఒక పెట్టె వచ్చింది. తరగడానికి ఒక చెక్కపలక వచ్చింది. ఆ పలక చర్మం పొడిబారకుండా రాయడానికి ఒక నూనె వచ్చింది. నా మోచేతులు పొడిబారి ఎన్నాళ్లయిందో నాకే గుర్తులేదు గానీ, పలకతో నాకు పోలికేమిటి చెప్పండి? నిమ్మకాయ పిండడానికి ఇనుపదొకటి వచ్చింది. దాన్ని నొక్కాలంటే రెండు చేతులూ, కొంచెం మోకాలూ కావాలి. నిమ్మకాయ పిండుకోవడానికే దేవుడు మనకి వేళ్లిచ్చాడని గుర్తు చేయబోయి ఊరుకున్నాను. ధన్యురాలు ఎదురు మాట్లాడకూడదు.

ఇక లాభాలు చెప్తాను వినండి.

మొదటిది కుటుంబ ఐక్యత. మీ ఇళ్లల్లో ఆదివారం ఎవరి ఫోన్ వాళ్లు పట్టుకుని ఎవరి గదిలో వాళ్లు ఉంటారు కదూ? మా ఇంట్లో అలా కుదరదు. మా అత్తయ్య కొత్తిమీర గిల్లుతారు. మా అమ్మాయి ఉల్లిపాయ ముక్కల్ని చన్నీళ్లలో నానేసి ఘాటు తీస్తుంది. నేను టమాటాలు కడిగి, తుడిచి, తొడిమలు తీసి, గింజలు తోడి, పళ్లెంలో పేర్చి ఇస్తాను. అప్పుడు మా ఆయన తరుగుతారు. తరిగి, కలిపి, ఫోటో తీసి, కింద రాస్తారు: "పూర్తిగా నా స్వహస్తాలతో!"

అబద్ధమా? కాదు. ఫోటో నిజంగానే ఆయన స్వహస్తాలతో తీశారు.

తరగడమంటే అలా ఇలా కాదు. ముక్కలన్నీ ఒకే కొలత ఉండాలి. తల వంచి, కన్ను పలక ఎత్తుకి దించి, ఒక్కో ముక్కని పరిశీలిస్తారు. ఒక ముక్క కాస్త లావుగా కనిపించిందా, పక్కకి నెట్టేస్తారు. క్లెయిం రిజెక్ట్! రిజెక్టయిన ముక్కలన్నీ పాపం ఎక్కడికి పోతాయనుకున్నారు? సోమవారం నా లంచ్ బాక్సులోకి.

రెండో లాభం వ్యాయామం. ఆయన తరగడం పూర్తిచేసేసరికి పచ్చిమిర్చి గింజలు ఫ్రిజ్ తలుపు మీద, స్విచ్ బోర్డు సందులో, మిక్సీ కింద, ఒకసారైతే గోడ గడియారంలో చిన్నముల్లు మీద కనిపించాయి. వాటిని వంగి తుడిచి, లేచి తుడిచి, స్టూలెక్కి తుడిచేసరికి నా నడుం సన్నబడింది. జిమ్ముకి పోయే ఆడవాళ్లని చూస్తే జాలేస్తుంది. పాపం, వాళ్ల మొగుళ్లకి సాల్సా రాదు కాబోలు!

మూడో లాభం గౌరవం. ఇది మాత్రం కాస్త వివరంగా చెప్పాలి.

నేను కళ్లద్దాల షాపులో పనిచేస్తాను. వచ్చినవాళ్లని కుర్చీలో కూర్చోబెట్టి, గోడ మీది అక్షరాలు చదివించి, ఏ అద్దం సరిపోతుందో చూడటం నా ఉద్యోగం. మాకు సెలవు రోజంటూ ఒక్కటే ఉండదు, వంతులేసుకుంటాం. ఓ ఆదివారం నా వంతు పడింది. షాపు నిండా జనం. అద్దాల తలుపు తోసుకుని ఒక మనిషి లోపలికొచ్చాడు. మొహానికి తడి తువ్వాలు, కాళ్లకి రెండు రకాల చెప్పులు. మా అమ్మాయి చెయ్యి పట్టుకుని నడిపించుకొస్తోంది.

"అమ్మా, నాన్న మిరపకాయ చేత్తో కన్ను నలుపుకున్నాడు."

"ఒక కన్నేగా?"

"ఒకటి మండుతోందని రెండోది కూడా నలుపుకున్నాడు."

ఆయన్ని కుర్చీలో కూర్చోబెట్టి కళ్లు కడిగాను. మా షాపు డాక్టరుగారు పెద్దాయన, లైటు వేసి చూసి, ప్రమాదమేమీ లేదన్నారు. "ఏం చేస్తుండగా జరిగిందండీ?" అని అడిగారు.

మా ఆయన ఎర్రటి కళ్లలోంచి ధారగా నీళ్లు కారుతుండగా, షాపంతా వినబడేలా చెప్పారు: "వంట చేస్తుండగా."

అంతే! వరసలో కూర్చున్న ఆడవాళ్లందరి గుండెలూ వెన్నలా కరిగిపోయాయి. "భార్య డ్యూటీలో ఉంటే ఇంట్లో వంట చేస్తున్నాడట!" అంటూ ఒకావిడ పక్కావిడకి చెప్పింది. ఇంకొకావిడ నా చెయ్యి పట్టుకుని "ఎంత అదృష్టవంతురాలివమ్మా!" అంది. ఆ పొద్దున్నే లేచి ఇంటిల్లిపాదికీ టిఫిను చేసి, మధ్యాహ్నానికి కూడా వండి మూతలు పెట్టి డ్యూటీకి వచ్చినదాన్ని నేనేనని చెప్పబోయాను. కానీ ఆవిడ కళ్లు చెమర్చి ఉన్నాయి. చెమర్చిన కళ్లకి పరీక్ష చేస్తే లెక్క సరిగ్గా రాదు. అందుకని నోరు మూసుకున్నాను.

అక్కడి నుంచి ఆయన కీర్తికి పట్టపగ్గాల్లేవు. మా ఆడపడుచు ఫోన్ చేసింది. "వదినా, వంటంతా అన్నయ్యే చేస్తున్నాడటగా! ఇక నీకేం పనుంటుంది, కాలు మీద కాలేసుకుని కూర్చోవడమేగా!" అంది. అవునమ్మా అన్నాను. ఫోన్ భుజానికీ చెవికీ మధ్య ఇరికించుకుని, రెండు చేతుల్తో చపాతీ పిండి పిసుకుతూ అన్నాను. ఎదురింటావిడైతే రోజూ తలుపు తీసి వాళ్లాయనకి మా తలుపు చూపిస్తోంది. ఆయన ఇప్పుడు లిఫ్టులో మమ్మల్ని చూస్తే పలకరించడం మానేశాడు.

చివరికి సంగతి ఆఫీసుదాకా పాకింది. "ఇల్లు ఇద్దరిదీ" అని వాళ్ల ఆఫీసులో ఒక కార్యక్రమం పెట్టారు. ఇంటిపని పంచుకునే ఆదర్శ భర్తగా మాట్లాడమని ఎవరిని పిలిచారనుకుంటున్నారు? మీరు సరిగ్గానే ఊహించారు. మాట్లాడుతూ, సాల్సా చేసి కూడా చూపించాలట!

ఆ పొద్దున మా వంటింట్లో యుద్ధమే జరిగింది. టమాటాలు ముందే కడిగి, గింజలు తీసి డబ్బాలకెత్తాలి. నిమ్మకాయలు ముందే కోసుకోవాలి. పలక, కత్తి, గిన్నెలు, చిప్స్, అన్నీ సర్దాలి. నేనూ మా అమ్మాయీ సర్దాం. ఆయన అద్దం ముందు నిలబడి ఉపన్యాసం సాధన చేశారు.

సభలో ఆయన అద్భుతంగా మాట్లాడారు. "వంటిల్లు ఆడవాళ్ల సొత్తు కాదు!" అన్నారు. చప్పట్లు. "మగవాడు ఒక్కసారి కత్తి పట్టి చూడాలి!" అన్నారు. మళ్లీ చప్పట్లు. అప్పుడు వెనక వరసలోంచి ఒక ఉద్యోగిని లేచి అడిగింది: "సర్, మరి రోజూ వంట కూడా మీరే చేస్తారా?"

"రోజువారీదంతా మా ఆవిడ చూసుకుంటుంది. నేను స్పెషలైజ్ చేశాను" అన్నారు మా ఆయన. ఆ తర్వాత రెండో వరసలో డబ్బాల సంచి ఒళ్లో పెట్టుకుని కూర్చున్న నన్ను చూపించి, "ఆమె సపోర్ట్ లేకపోతే నేను లేను" అన్నారు. భార్యకి అందరిముందూ థ్యాంక్స్ చెప్పినందుకు హాలంతా లేచి నిలబడి చప్పట్లు కొట్టింది. ఆయనకి!

ఇంటికొచ్చాం. రెండు చేతులా డబ్బాలు పట్టుకుని వంటింట్లోకి అడుగు పెట్టాను. పొద్దున ఆయన రుచి చూడటానికి పిండి, చెత్తబుట్టలోకి గురిచూసి విసిరిన నిమ్మచెక్క ఒకటి బుట్ట దాకా వెళ్లకుండా నేల మీదే ఆగిపోయిందట. నా కాలు దాని మీద పడింది. డబ్బాలు ఒక దిక్కు, నేనొక దిక్కు. నా బరువంతా కుడి మణికట్టు మీద పడింది. టప్‌మని చిన్న చప్పుడు నాకే వినబడింది.

"చూసుకుని నడవద్దూ!" అన్నారు మా ఆయన హాల్లోంచి.

ఆసుపత్రిలో ఎముక విరిగిందని చెప్పి పిండికట్టు వేశారు. కొన్ని వారాల పాటు ఆ చెయ్యి కదపకూడదన్నారు. మందుల మగతలో పడి పగలంతా నిద్రపోయి, మర్నాడు సాయంత్రం లేచి హాల్లోకొచ్చి కూర్చున్నాను. ఒళ్లో దిండు, దిండు మీద చెయ్యి. మధ్యాహ్నమంతా ఇంట్లో ఉన్న బ్రెడ్డుతోనే గడిచిందట.

మా ఆయన చొక్కా చేతులు మడిచారు. "ఈ పూట మీరెవ్వరూ కదలకండి. వంట నాది!" అని వంటింట్లోకి వెళ్లారు.

నిజం చెప్పొద్దూ, నాకు కళ్లు చెమర్చాయి. కత్తి చప్పుడు వినబడుతోంది. చాలాసేపు వినబడింది. మా అమ్మాయి కడుపు కూడా వినబడింది. చివరికి ఆయన రెండు చేతులా పెద్ద గిన్నె పట్టుకుని వచ్చి, బల్ల మధ్యలో పెట్టి, పైన ఒక్క కొత్తిమీర రెమ్మ సవరించి, వెనక్కి జరిగి ఫోన్ తీశారు.

సాల్సా. గిన్నెడు.

మా అమ్మాయి గిన్నెలోకి చూసింది. గిన్నె వెనక్కి చూసింది. "దేంతో తినాలి నాన్నా?" అంది.

"చిప్స్..."

"నిన్న మీటింగులో అయిపోయాయి."

ఆయన బల్ల వంక చూశారు. పొయ్యి వంక చూశారు. దాని మీద ఏమీ లేదు. అప్పుడు నా వైపు తిరిగి, ఏ కల్మషమూ లేకుండా, చిన్నపిల్లాడంత అమాయకంగా అడిగారు:

"మరి నువ్వేం వండావు?"

అంతకుముందు ఎన్నిటికో నవ్వుకున్నదాన్ని, ఆ మాటకి మాత్రం నాకు నవ్వు రాలేదు. ఆయన వెటకారానికి అనలేదు. అదే నాకు ఎక్కువ బాధేసింది. కుళాయి తిప్పితే నీళ్లొచ్చినట్టు, పొద్దుగూకితే చీకటి పడినట్టు, ఆ బల్ల మీదకి అన్నం దానంతటదే వస్తుందని ఆయన నిజంగానే నమ్ముతున్నారు. చెయ్యి విరిగినా వస్తుందని నమ్ముతున్నారు.

మా అత్తయ్య టీవీ కట్టేశారు. ఆవిడ టీవీ మధ్యలో కట్టేయడం నేనెప్పుడూ చూడలేదు.

"ఒరేయ్, దాని చేతికున్నవి గాజులనుకున్నావా? పిండికట్టురా అది!" అంటూ లేచి వచ్చి, కొడుకు చేతిలోంచి ఫోన్ లాక్కుని సోఫాలోకి విసిరేశారు. "పద. బియ్యం డబ్బా చూపిస్తాను."

"అమ్మా, అన్నం వండటం నాకు రాదే!"

"సాల్సా నా కడుపులోనే నేర్చుకుని పుట్టావా? పద!"

ఆ రాత్రి అన్నం తాగాం. మర్నాటి అన్నం కోసుకుని తిన్నాం. ఆ తర్వాత అత్తయ్య ఆయన పక్కనే స్టూలేసుకుని కూర్చోవడం మొదలుపెట్టాక, మెల్లగా అన్నం అన్నంలా, కూర కూరలా కనిపించసాగాయి.

ఓ రోజు నిజంగానే బాగా కుదిరింది. మేం ముగ్గురం తిన్నాం. లేచాం. కంచాలు సింకులో పడేశాం. మా అమ్మాయి గదిలోకి వెళ్లిపోయింది. అత్తయ్య టీవీ పెట్టారు, నేను ఆవిడ పక్కన కూర్చున్నాను. మా ఆయన గరిటె పట్టుకుని బల్ల పక్కనే నిలబడ్డారు, బస్సు వెళ్లిపోయిన స్టాపులో మనిషిలాగా.

"ఎలా ఉందో ఎవరూ చెప్పలేదేంటి?"

గదిలోంచి మా అమ్మాయి కేకేసింది: "కూరలో ఉప్పు కొంచెం ఎక్కువైంది నాన్నా!"

ఆయన మొహం చూడాల్సింది మీరు. "పోనీ ఫోటో తీసి పెట్టకపోయారా?" అన్నాను.

"దీన్నా? అన్నం, కూర ఫోటోకి ఎవరు లైక్ కొడతారు?" అన్నారు. కుర్చీ లాక్కుని నా ఎదురుగా కూర్చున్నారు. గరిటె వంకే చూస్తూ, గొంతు తగ్గించి అడిగారు: "ఇన్నేళ్లూ నీకు కూడా ఎవరూ ఏమీ చెప్పేవాళ్లు కాదా?"

"చెప్పకేం? మీరే చెప్పేవాళ్లుగా, ఉప్పు సంగతి."

ఆయన లేచి వెళ్లి సింకులో కంచాలు కడిగారు. చప్పుడు చేయకుండా కడిగారు.

ఆ రోజు నుంచి మా ఇంట్లో సాల్సా లేదు. ఎదురింటావిడ అడిగితే "తీరిక దొరకట్లేదండీ" అన్నారు మా ఆయన. కూరముక్కలు ఒకటి ఇంతుంటే ఇంకొకటి అంతుంటోంది. రిజెక్ట్ చేసే ఓపిక ఆయనకి లేదు, అన్నీ బాండీలోకి పోతున్నాయి. పొద్దున్నే లేస్తున్నారు. పాలు పొంగితే పరిగెడుతున్నారు. "సాయంత్రం ఏం వండాలి?" అనే భయంకరమైన ప్రశ్న ఆయన్ని ఆఫీసులో కూడా వదలట్లేదట. నిన్న ఎవరిదో క్లెయిం చదువుతూ చదువుతూ, మార్జిన్లో "వంకాయలు" అని రాసేశారట.

మా ఆడపడుచు మళ్లీ ఫోన్ చేసింది. "అన్నయ్య చిక్కిపోయాడట కదా వదినా! ఇంటిపని, ఆఫీసుపని, రెండూ అంటే మనిషన్నవాడు తట్టుకోగలడా?" అంది. అబ్బే, మనిషన్నవాడు తట్టుకోలేడమ్మా అన్నాను.

ఈమధ్య పిండికట్టు తీసేశారు. ఆసుపత్రి నుంచి నన్ను తీసుకొచ్చింది మా అత్తయ్యే. ఇంకొన్నాళ్లు మెడకి పట్టీ తగిలించుకుని చెయ్యి అందులో ఉంచుకోమన్నారు. ఆ కొన్నాళ్లూ అయిపోయాయి, పట్టీ మాత్రం నేను తీయలేదు. ఓ ఆదివారం మధ్యాహ్నం ఎవరూ చూడట్లేదనుకుని, ఎంతకీ రాని బిస్కెట్ల డబ్బా మూతని కుడిచేత్తో ఒక్క తిప్పు తిప్పాను. టక్కున వచ్చింది. వెనక్కి తిరిగితే అత్తయ్య!

ఆవిడ మూత వంక చూశారు. నా చెయ్యి వంక చూశారు. కుక్కర్ మూతతో కుస్తీ పడుతున్న కొడుకుని వంటింటి గుమ్మంలోంచి తొంగి చూశారు. ఆ తర్వాత డబ్బాలోంచి ఒక బిస్కెట్ తీసుకున్నారు.

"ఎముకమ్మా. తొందరపడకూడదు" అన్నారు.

"మరి డాక్టరు తగ్గిపోయిందన్నాడు కదా అత్తయ్యా!"

"డాక్టర్లకేం తెలుసు? నా చెయ్యైతే ఏళ్లు పట్టేది."

"మీ చెయ్యెప్పుడు విరిగింది?"

"విరగలేదు. అదే నేను చేసిన పొరపాటు" అని, నా చేతిని మళ్లీ పట్టీలో పెట్టి ముడి ఇంకాస్త గట్టిగా బిగించారు.

కాబట్టి అక్కచెల్లెళ్లారా, ఈ వ్యాసం ఎడమచేత్తో రాయడానికి నేనెంత అవస్థ పడ్డానో అని జాలిపడకండి. శుభ్రంగా కుడిచేత్తోనే రాశాను. ఈ సంగతి మనలో మనమాటే సుమా! పేపర్లో పడితే మీ ఆయన చదవరా అంటారేమో. ఆ భయం నాకు లేదు. తీరిగ్గా కాళ్లు చాపుకుని పేపరు చదవడమా? పొద్దున్నపూట వంట చేసుకునే మనిషికి అదెలా కుదురుతుందండీ!